గెడ్డీసు పండితుని నగరవైద్యము

పట్టణమును రచించువాడెవ్వడు? అని మనలో ఎవ్వరినైన అడిగినచో, ఇంజనీరని యొకరును, పురపాలక సంఘమని యొకరును, ధనము గలవాడని మఱియొకరును బదులు చెప్పుదురు. ఇల్లు కట్టువానిని మనము ఎఱుగుదుము. బాట వేయువానిని ఎఱుగుదుము. కాని ఇంటికిని బాటకును, చెట్టునకును నీటికిని, వీని యన్నిటి నడుమ మెలగెడు మనుష్యునకును గల సంబంధమును తెలిసికొని పట్టణమును తీర్చువాడొకడు ఉండవలెనను తలంపు మనకు పుట్టుట యరుదు. పాశ్చాత్యదేశములందు ఇది చిరకాలమునుండి గౌరవమందుచున్న వృత్తి. నేలను, నీటిని, తరువులను పొందుపఱచువానిని భూదృశ్యశిల్పి యనియు, వీథులను పేటలను కూర్చువానిని నగరరచయిత యనియు వ్యవహరింతురు. ఈ రెండు వృత్తులను తానొక్కడే చేపట్టి, మన దేశమునకు వచ్చి, సుమారు పదేండ్లు మన పట్టణముల సందుగొందులలో కాలినడకన తిరిగిన స్కాట్లండు దేశీయుడు పాట్రిక్ గెడ్డీసు.

ఆయన ఈ దేశమున మనకు విడిచిపోయినవి ముఖ్యముగా కట్టడములు కావు, నివేదికలు. తంజావూరు, మధుర, నాగపురము, బరోడా, లక్నో, లాహోరు, ఢాకా, ఇందోరు మున్నగు పట్టణములను గూర్చి ఆయన వ్రాసినవానిలోని ముఖ్యభాగములను జాక్విలిన్ టిరిట్ అను విదుషి యేర్చి కూర్చి 1947లో లండనునందు గ్రంథముగా ప్రకటించెను. వానిని అధికారుల బీరువాలకు వదలక, సాహిత్యముగాను ధర్మవిచారముగాను చదువవచ్చునని నా యభిప్రాయము. అందలి గుణమును నిండుగా మెచ్చి, దోషమును దాపక చెప్పుట ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని.

గెడ్డీసు 1854లో జన్మించెను. హక్స్లీ పండితుని యొద్ద జీవశాస్త్రము నభ్యసించెను. 1879లో మెక్సికో దేశమున పరిశోధన చేయుచుండగా కొంతకాలము చూపు పోయినది. చూపు మరలినను సూక్ష్మదర్శినిపై దినమెల్ల వంగి పనిచేయుట కష్టమైనది. అల్పజీవుల పరీక్షించిన కన్ను అటుపిమ్మట మానవసంఘము వైపు తిరిగినది. 1888 మొదలు ముప్పదేండ్లకు పైగా డండీ నగరమున వృక్షశాస్త్రాచార్యుడుగా నుండెను. ఎడింబరో పాతపేటలో బీదలుండెడి యిరుకు వాడయందు భార్యతో కూడ కాపురము పెట్టి, గోడలకు సున్నము వేయించుట, పాడుపడిన చోట్లను తోటలుగా మార్చుట మున్నగు పనులకు పూనుకొనెను. తరువాత ఆ తోటల రచనలో ఆయన కుమార్తె నోరా కూడ పాల్గొన్నది. 1904లో డన్ఫర్మ్‌లిన్ పట్టణపు ఉద్యానమును గూర్చి వ్రాసిన పెద్ద నివేదికతో ఆయన వృత్తికీర్తి వ్యాపించినది. చెట్టు ఏ నేలలో ఎందుకు పెరుగునో తెలిసినవాడు పట్టణమును గూర్చియు ఆ ప్రశ్ననే వేసెనన్నచో ఆశ్చర్యము లేదు.

1914లో మదరాసు గవర్నరు పెంట్లండు ప్రభువు పిలుపున ఆయన మన దేశమునకు వచ్చెను. లోకమందలి నగరముల పటములను, చిత్రములను కూర్చి ఆయన జీవితమంతయు సేకరించిన ప్రదర్శన సామగ్రి వేఱొక ఓడలో వచ్చుచుండెను. మదరాసుపై గుండ్లు కురిపించిన ఎండెన్ నౌకయే ఆ యోడను ముంచివేసినది. గెడ్డీసు నిరాశపడక, మిత్రుల సాయమున మరల సామగ్రి కూర్చి, 1915లో మదరాసున ప్రదర్శన జరిపించెను. పిమ్మట ఆ రాజధానియందలి పట్టణములను చూడ బయలుదేరెను. 1917లో పెద్దకుమారుడు యుద్ధభూమిలో మరణించెను. అదే సంవత్సరమున భార్య కలకత్తాలో కన్నుమూసినది. ఆయనయొక్క గొప్ప నివేదికలు కొన్ని ఈ దుఃఖకాలమున వ్రాయబడినవే.

ఆ కాలమున మన పాతపేటలను చూచిన యధికారికి తోచిన మందు ఒక్కటియే. పటముపై బద్ద పెట్టి తిన్నని గీతలు గీయుట. ఆ గీతల క్రింద పడిన యిండ్లను కొట్టివేయుట. వెడల్పైన వీథులు వేసి, ఆరోగ్యము చేకూరినదని సంతసించుట. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలిన పిదప, 1898లో అచ్చట నగరాభివృద్ధికై ప్రత్యేకసంస్థ వెలసినది. ఇతర పట్టణములును ఆ మార్గమునే పట్టినవి. గెడ్డీసు వచ్చి యొక చిన్న ప్రశ్న వేసెను: ఆ యిండ్లలోనివారు ఎక్కడికి పోయిరి? పోయి ప్రక్కసందులో, అదివఱకే యిఱుకైన యిండ్లలో, మఱింత కిక్కిరిసియుండిరి. ఒక పేటయందలి మురికి తొలగినట్లు కన్పట్టెను. రెండవ పేటలో అది రెట్టింపయ్యెను. రోగి కాలు నఱకి కట్టుకట్టి, నొప్పి తగ్గినదని వైద్యుడు చెప్పినట్లున్నది.

దీనికి బదులుగా ఆయన చూపిన మార్గమునకు సంరక్షక శస్త్రచికిత్స యని పేరు పెట్టెను. ముందు పరీక్ష, తరువాతనే మందు. ఆయన పటమును చేతబట్టుకొని సందు సందునకు పోయి, ఏ యిల్లు గట్టిగా నిలిచియున్నది, ఏది పాడుపడినది, ఎచ్చట ఖాళీ స్థలమున్నది, బావి యెచ్చట, గుడి యెచ్చట, చెట్టెచ్చట అని గుర్తులు పెట్టెడివాడు. అట్లు చూచినచో, ఊరినంతయు కొట్టవలసిన పని లేదని తేలును. కూలనున్న యిల్లు రెండో మూడో తీసివేసి, ప్రక్కనున్న దిబ్బతో కలిపిన చిన్నబయలొకటి యేర్పడును. అందొక చెట్టు, చెట్టు చుట్టును అరుగు, పిల్లలాడుకొనుటకు చోటు. పది గొందులలో పది బయళ్లు కల్పించినచో పేట యంతయు ఊపిరి పీల్చుకొనును. వీథి వంకరగా నున్నదని విచారింప నక్కఱలేదు. మన యెండలలో ఆ వంకరసందుయొక్క నీడయే నడచువానికి గొడుగు. ఖర్చు కొంచెము, ఇల్లు విడిచిపోవువారు కొందఱే, పేట తన రూపమును కోల్పోదు.

ఈ పద్ధతిలో కష్టమొకటి కలదు. ఇది కార్యాలయములో కూర్చుండి చేయదగిన పని కాదు. గంటల తరబడి నడువవలెను. మురుగుకాలువల ప్రక్కను, పెంటదిబ్బల నడుమను నిలువవలెను. అట్టి దృశ్యములకును వాసనలకును ఓర్చుకొనుట మన యగ్రజాతులవారికిగాని తెల్లదొరలకుగాని అలవాటు లేదని ఆయన యెత్తిపొడిచెను. ఆ మాట నేటికిని తగులుచున్నది. పటము సులభముగా దొరకును, నడకయే దొరకదు.

చెఱువులను కోనేళ్లను గూర్చి ఆయన వ్రాసిన పుటలు మనవారు ప్రత్యేకముగా చదువదగినవి. చలిజ్వరమునకు దోమలు హేతువని తెలిసినప్పటినుండి ఊరిచెఱువులను పూడ్చివేయవలెనని ఆరోగ్యాధికారులు పట్టుపట్టుచుండిరి. గెడ్డీసు వారి శాస్త్రమును కాదనలేదు. వారి తొందరనే కాదనెను. చేపలును బాతులును చాలినన్ని యున్న నీటిలో దోమపిల్లలు బ్రతుకవని జీవశాస్త్రజ్ఞుడుగా జవాబు చెప్పెను. చెఱువు గాలికి చల్లదనము నిచ్చును. కంటికి విశ్రాంతి నిచ్చును. ఊరి ప్రజలు కలిసికొను చోటగును. పూడ్చుటకగు వ్యయముతో దానిని శుభ్రపఱచి, మెట్లు బాగుచేసి, గట్టున చెట్లు నాటవచ్చునని ఆయన వాదము. ఒక ప్రాణి వలన కలిగిన యుపద్రవమును మఱియొక ప్రాణి చేతనే తొలగింపవచ్చునను ఈ యూహ, లెక్కలకు మాత్రము అలవాటుపడిన యింజనీరునకు తోచునది కాదు.

ఇంతవఱకు మెప్పు. ఇక ఆయన రచనాశైలిని గూర్చి నిష్పక్షపాతముగా చెప్పవలసినచో, అది యందఱకును సులభమైనది కాదు. పురపాలక సంఘాధ్యక్షునకు మురుగుకాలువ సంగతి కావలెను. గెడ్డీసు కాలువతో మొదలుపెట్టి, తోటకును, తోటనుండి విద్యకును, విద్యనుండి మానవచరిత్రకును పోయి, పది పుటల తరువాత మరల కాలువను జ్ఞప్తికి తెచ్చుకొనును. 1918లో ఇందోరు దర్బారునకు సమర్పించిన నివేదిక రెండు సంపుటములు. పని కోరినవానికి అందు పని కనబడుటకు ముందు ఓపిక నశించును. వృక్షశాస్త్రజ్ఞుని వచనమునకు కొమ్మలధికమగుట సహజమే కావచ్చును. కాని కొమ్మలలో ఫలము దాగినచో ఆకలిగొన్నవాడు వెనుదిరుగును. ఆయన నివేదికలలో పెక్కు ఆచరణకు రాకపోవుటకు అధికారుల జడత్వమెంత కారణమో, ఈ విస్తరమును అంత కాకున్నను కొంత కారణమని నేను తలంచెదను.

కాని ఆ ఇందోరులోనే ఆయన మాటలతో కాక కన్నులతో ప్రజలకు బోధించిన ఘట్టమొకటి జరిగినది. ఊరిలో ప్లేగు భయము. నోటీసు లంటించిన చదువువారు లేరు. పోలీసులను పంపిన నమ్మువారు లేరు. అప్పుడాయన మహారాజు నొప్పించి, ఒక్క దీపావళికి తానే రాజుగా నుండు ననుమతి పొందెను. ఊరేగింపు అలవాటైన దారిని పోదనియు, ఏ వీథివారు తమ యిండ్లను ఎక్కువగా శుభ్రపఱచి బాగుచేసికొందురో ఆ వీథినే పోవుననియు చాటింపు వేయించెను. ఊరంతయు చీపుళ్లు పట్టినది, చెత్త బండ్లకెక్కినది. ఊరేగింపులో ప్లేగునకు గుర్తుగా పెద్ద యెలుకబొమ్మ నడచినది; తరువాత ఆ బొమ్మ కాల్చబడినది. నగరలక్ష్మి రథమెక్కి వచ్చినది. పాకీవారు తెల్లని క్రొత్తబట్టలు ధరించి, పూలమాలలు వేసికొని, తమ చీపుళ్లతో సగర్వముగా నడచిరి. ప్రజలకు మొక్కలు పంచిపెట్టిరి.

ఈ వృత్తాంతము చదువునప్పుడు హృదయము పొంగును. జనుల పండుగను జనుల యారోగ్యమునకు సాధనముగా చేసికొన్న విదేశీయుని నేర్పును మెచ్చుకొనని వాడుండడు. మన సంస్కర్తలు పండుగలను దుర్వ్యయమని నిందించుటయే కాని, వానిని మంచిపనికి మలచుకొనుట యెట్లో అంతగా ఆలోచింపలేదు. అయినను విమర్శకుడు ఊరేగింపు ముగిసిన పిమ్మట ఆ వీథిలో మఱికొంతసేపు నిలువవలెను. దీపావళి మఱునాడు ఆ పాకీవాని మెడలోని మాల వాడిపోయినది. చేతిలోని చీపురు చేతిలోనే యున్నది. అతని బిడ్డ యే బడికి పోయెను? ఏ బావి నీరు త్రాగెను? పూలమాల వేసిన చేతులు అతనిని అరుగుమీద కూర్చుండుమని పిలిచినవా?

నా దృష్టిలో గెడ్డీసు నగరవైద్యమునకు గల గొప్ప లోపమిదియే. ఆయన మన పాతపట్టణమును ప్రేమించెను. దాని గుడిని, కోనేటిని, రావిచెట్టు అరుగును, ఇంటిముందఱి తులసికోటను చూచి ముగ్ధుడయ్యెను. మనలో ఆంగ్లవిద్య చదివినవారు వీనిని చూచి సిగ్గుపడుచున్న దినములలో ఆ ప్రేమ యొక యుపకారము. కాని ఆ పట్టణపు పటము గీచినది శిల్పశాస్త్ర మొక్కటియే కాదు. జాతిభేదమును దానిని గీచినది. ఏ వీథిని ఎవరు నడువవచ్చును, ఏ వాడ ఊరికి వెలుపల నుండవలెను, ఏ మెట్లపై ఎవరు దిగరాదు అను నియమములు ఆ రాళ్లలోనే యున్నవి. పాడుపడిన గోడను గుర్తింపగలిగిన కన్ను, కనబడక నిలిచియున్న ఈ గోడపై చాలినంతసేపు నిలువలేదు.

ఇందుకు నిదర్శనము మురుగును గూర్చిన ఆయన వాదమే. ఇందోరులో విస్తార వ్యయముతో భూమిలోపల గొట్టములు వేసి, మలినమంతయు నదిలో కలుపు పద్ధతిని ఆయన గట్టిగా ఖండించెను. మలినమును కాలువపాలు చేయక నేలకు ఎరువుగా నీయవలెననియు, తోటలు పెంచవలెననియు ఆయన సిద్ధాంతము. నదిని చంపక నేలను బ్రతికించు ఈ సిద్ధాంతమునందలి సత్యమును నేటి శాస్త్రజ్ఞులు కూడ కాదనరు. కాని ఆ మలినమును ఇంటినుండి నేలకు చేర్చు చేయి యెవరిది? ఈ ప్రశ్నకు ఆయన ప్రణాళికలో చాలినంత సమాధానము నాకు కనబడలేదు. గొట్టము వచ్చినచో కొందఱి నెత్తిమీది గంప దిగునను నాశ ఆ కాలపు బీదవానికి ఉండియుండదా?

అయితే గొట్టమే విమోచనమని చెప్పుటకును వీలులేదు. చేతులతో మలమెత్తించుటను నిషేధించుచు 1993లో నొక శాసనమును, అది చాలక 2013లో మఱియొక శాసనమును మన పార్లమెంటు చేయవలసి వచ్చినది. శాసనములైన పిదపను భూగర్భపు మురుగుగుంటలలో దిగి, ఊపిరాడక ప్రాణములు విడుచువారి వార్తలు పత్రికలలో నిలిచిపోలేదు. గంప మోసినవారు ఏ కులమువారో గుంటలో దిగువారును తఱచుగా ఆ కులమువారే. కావున లోపము నేలయందును లేదు, గొట్టమునందును లేదు. ఒక పనిని ఒక కులము మెడకు కట్టిన మన బుద్ధియందున్నది. నగరరచయిత యెంతటివాడైనను ఆ ముడిని విప్పకున్నచో ఆయన తోట కొందఱి నీడకే పనికివచ్చును.

రెండవ లోపము, ఆయన రచనలు రాజుల యనుగ్రహముపై నాధారపడుట. నివేదికలు పెక్కు గవర్నర్ల పిలుపున, సంస్థానాధిపతుల కోరికపై వ్రాయబడినవి. పిలిచినవాడు మాఱగనే కాగితము మూలపడినది. ఆయన 1925లో రచించిన టెల్ అవీవ్ నగరపు పటము చాలవఱకు అమలయ్యెను. అచ్చట క్రొత్తనగరము కట్టుకొనుచున్న పురసంఘమే దానిని తన పనిగా చేపట్టుటచేత ఆ పటము వీథులుగా, ఇండ్ల నడిమి తోటలుగా రూపొందినది. ప్రజలు తమదనుకొనని ప్రణాళికకు ఆయుర్దాయము తక్కువయని యీ రెండింటిని పోల్చిన తెలియును.

తెలుగునాట ఆయన గుర్తు ఒకటి నిలిచియున్నది. కాని చూచువారు దానిని గుర్తింపరు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు తగిన స్థలమును నిర్ణయించుటకై నిజాము ప్రభుత్వము ఆయన సలహా కోరెను. ఆయన పలుచోట్ల పరీక్షించి 1923లో నివేదిక నిచ్చెను. కట్టడముల పటములను జాస్పరు అను శిల్పి వ్రాసెను. 1934 జూలై 5వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1939లో ఆర్ట్సు కళాశాల భవనము ప్రారంభమయ్యెను. నేడు ఆ భవనము నెదుట నిలిచినవారు కమానులను చూతురు, రాతిపనితనమును మెత్తురు. ఈ భవనమునకు నేల నెన్నుటలో ఒక వృద్ధుడు పూర్వమే తిరిగి చూచెనను సంగతి యెవ్వరికిని తోచదు. భూదృశ్యశిల్పి భాగ్యమట్టిది. కట్టినది కనబడును; కట్టుటకు ముందు చూచిన చూపు కనబడదు. ఆ చూపు కొఱవడిన చోటనే దాని విలువ తెలియును.

అట్టి కొఱత మనకిప్పుడు కావలసినంత కలదు. 2015లో చెన్నపట్టణము, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినవి. వాన యెక్కువగా కురియుట దైవికము. నీరు నిలుచు చోట ఇండ్లు నిలుచుట దైవికము కాదు. ఈ వ్యాసకర్త బాల్యమున తామరపూలు కోసిన చెఱువొకటి నేడు ఇండ్లస్థలములుగా మాఱినది. ప్రతి వానకాలమునను ఆ నీరు తన పాతచోటు వెదకికొనుచు గడపలు దాటి లోనికి వచ్చుచున్నది. మునిగినవారిలో అధికులు, పల్లమున తప్ప వేఱొకచోట స్థలము కొనలేనివారు. చెఱువు పూడ్చి లాభము తీసినవాడు మెరకమీద నున్నాడు. తరువాత ఆక్రమణలు తొలగింతుమని యంత్రములు వచ్చునప్పుడును మొదట కూలునది పల్లమువాని గుడిసెయే. గెడ్డీసు అడిగిన ప్రశ్న మరల మన ముందఱ నిలుచుచున్నది: వీరు ఎక్కడికి పోవుదురు?

నేను కోరునది గెడ్డీసును పూజింపుమని కాదు. ఆయన పద్ధతిని గైకొని, ఆయన విడిచిన చోటునుండి మనము నడువవలెను. ప్రతి పట్టణమునందును పురపాలక సంఘసభ్యులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు తమ పేట పటమును చేతబట్టుకొని, వారమున కొకనాడైన కాలినడకన పోవుదురుగాక. చెట్లు, బావులు, పూడిన కాలువలు, పాడుపడిన యిండ్లు గుర్తింతురుగాక. వానితోపాటు, ఏ యింటికి నీరు రాదు, ఏ వాడకు వెలుతురు లేదు, ఎవరి చేతులు ఈ వీథిని శుభ్రపఱచుచున్నవి, ఆ చేతులకు తొడుగులున్నవా, తగిన జీతమున్నదా అనునవియు ఆ పటముపై నెక్కింతురుగాక. అట్టి పటమును చేతబట్టుకొనిన పిమ్మట యంత్రములను పిలిచినను, ఇంజనీరును పిలిచినను నాకు భయము లేదు. దానికి ముందు మాత్రము ఏ గోడపైనను గునపము పడకుండుగాక.